సున్నం బొట్టు పెట్టిన టైరు

“ఏమే, స్టెప్నీ డిక్కీల ఏసినవా?”

“ఏసిన. నువ్వు పైలంగ పో.”

మా ఆయనతో నేను ఆడిన ఆఖరి మాటలివి. నువ్వు నా చెల్లె బిడ్డవు, నీకు చదువొచ్చు. ఇక్కడి నుంచే రాయి.

ఆయన దిల్‌సుఖ్‌నగర్‌లో కిరాయి కారు నడిపేవాడు. తెలంగాణ కోసం బంద్‌లు జరుగుతున్న కాలం. గిరాకీ లేదు, టైర్లేమో అరిగిపోయాయి. ఎల్బీనగర్‌లో ఎవరూ పేరు వినని కంపెనీవి నాలుగు వేయించాడు. మా మరిది నవ్వాడు.

“గవేం టైర్లన్నా, పేరు పలుకుదామంటే నోరు తిరుగుతలేదు.”

“నోరు తిరగకున్నా ఏం కాదు తియ్‌రా, చక్రం తిరిగితే సాలు.”

పాతవి రెండు ఇంటికి తెచ్చి గోడకు ఆనించాడు. “ఒకటి స్టెప్నీకి, ఒకటి బంద్‌ల కాలవెట్టెటోళ్లకు. సున్నంతోని గుర్తు పెట్టిన, జూసి ఇయ్యి” అన్నాడు.

నల్గొండ దిక్కు మా నాయన మందలో సున్నం బొట్టు పెట్టిన గొర్రె అంటే అమ్మకానికి పోయే గొర్రె. నాకు తెలిసిన గుర్తు అదొక్కటే. బంద్ వాళ్లు వస్తే బొట్టు టైరే దొర్లించి ఇచ్చాను. చౌరస్తాలో అది కాలుతుంటే మనదీ ఒకటుందని సంబరపడ్డాను. మిగిలినదాన్ని డిక్కీలో వేశాను. అది నున్నగా అరిగింది.

విజయవాడ రోడ్డులో కొత్త టైరుకు మేకు దిగింది. స్టెప్నీ తీసినప్పుడు ఆయన చూసే ఉంటాడు, ఇది తను బొట్టు పెట్టి దాచుకున్న మంచిది కాదని. నడిరోడ్డు మీద ఏం చేస్తాడు, అదే బిగించుకున్నాడు. కొంత దూరం పోయాక అది పగిలి కారు బోల్తా పడింది.

బండిని తెచ్చాక చూశాను. పగిలింది నేను వేసిందే. కొత్తవి మూడూ చెక్కుచెదరలేదు, నాలుగోది మేకుతో సహా డిక్కీలో ఉంది.

దినాల నాడు మరిది ఏడ్చుకుంటూ అన్నాడు, “సస్తా టైర్లకు ఆశపడి పానం తీసుకున్నడు.” అందరూ అదే మాట. నేను నోరు విప్పలేదు. తర్వాత మా బండి కొని బాగుచేయించుకున్న సైదాబాద్ ఆయన ఆ టైర్ల మీదనే రెండేళ్లు తిరిగాడు.

నిన్న నీ పెనిమిటి అట్లాంటివే కొంటానంటే, మా ఆయన చావు చూపించి అందరూ వద్దన్నారు. కొనుక్కోమను బిడ్డా. స్టెప్నీ మాత్రం తన చేత్తో తనే వేసుకోమను.

కలం ఎందుకు ఆపినవు? ఏదీ, చదువు. నేను ‘ఏసిన’ అన్న కాడి నుంచి చదువు.