మంచు గేటు దగ్గర మా జిల్లావాడు

నార్వేలో ఈ రోజు మధ్యాహ్నం, కార్లను సముద్రపు పాయ దాటించే పెద్ద పడవ దిగి నేనూ, మా ఆవిడ సునీతా కార్లో కొండ ఎక్కుతుంటే దారిలో గేటు వేసేశారు. పైన మంచు తుఫానట. మంచు తోసే బండి వచ్చాక దాని వెనకాల అందరూ వరసగా వెళ్ళాలి.

కాళ్ళు తిమ్మిరెక్కి బయటికి దిగాం. "ఏం చలప్పా ఈడ!" అని సునీత అనగానే ముందు కారులోంచి ఒకాయన పరుగున వచ్చాడు.

"ఏమప్పా, అనంతపురమోళ్ళా? మాది రాయదుర్గం!"

"మాది ఉరవకొండ పక్కనన్నా."

ఈ దేశం వచ్చాక మా యాస బయట వినడం ఇదే మొదటిసారి. ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు. వాళ్ళావిడ చేసిన చెనక్కాయ ఉండల డబ్బా తెచ్చి, మూత తీసి మా ముందు చాపాడు.

"ఇంతకీ మీరేమోళ్ళు?"

"మాదిగోళ్ళమన్నా."

ఆయన డబ్బా వెనక్కి తీసుకుని మూత పెట్టాడు. "చలెక్కువుండాది, కార్లో కూచోండి" అని వెళ్ళిపోయాడు.

గేటు తీశాక ఎదురుగా తెల్లటి మంచు తప్ప రోడ్డు కనిపించలేదు. కొండ దిగేదాకా ఆయన కారు ఎర్ర లైట్లు చూసుకుంటూనే నడిపాను. అవి తప్పిపోతే లోయలోకే.

ఇల్లు చేరాక సునీత, "అబద్ధం చెప్పింటే ఏం పోతాండె?" అంది. ఆయన మీద రాని కోపం ఆ మాటకు వచ్చింది. ఇద్దరం ఇంకా వంట కూడా మొదలుపెట్టలేదు.

ఇంత దూరం వచ్చాక కూడా ఊరు పేరుతో ఆగక కులం కూడా అడిగేవాళ్ళు మీకూ తగిలారా? మీరేం చెప్పారు?