ఇరవై వేళ్ళ బల్లి

రియాద్‌లోని మలాజ్‌లో బుచ్చన్న తాత ఇరవై రెండేళ్ళుగా ఏసీలు బాగుచేస్తున్నాడు. ఎండలో మిద్దెలెక్కి దిగి మోకాళ్ళు అరిగిపోయాయి. ఎడమచేతి చిటికెన వేలి కొసను ఒక ఫ్యాన్ బెల్టు తినేసింది. ఇంత కష్టజీవికి చివరికి దక్కిన కొలువు బల్లిని కాయడం.

తాతకు వీసా ఇచ్చిన యజమానిని అక్కడ కఫీల్ అంటారు. ఆ కఫీల్ కూతురు రీమ్ పెంపుడు బల్లి అది. పసుపు ఒళ్ళు, నల్లచుక్కలు, ఎప్పుడూ నవ్వుతున్నట్టుండే మూతి. కఫీల్ కుటుంబం పది రోజులు చల్లగా ఉండి వద్దామని కొండల మీది అభాకు వెళ్తూ, గాజుపెట్టెను తాత గదిలో పెట్టింది. తొమ్మిదేళ్ళ రీమ్ బల్లి కాలివేళ్ళు ఒక్కొక్కటే లెక్కపెట్టి, "ఇరవై. వచ్చాక మళ్ళీ చూస్తాను" అని మరీ వెళ్ళింది.

బుచ్చన్నకు పాము ఎదురైనా ఫరవాలేదు గానీ బల్లి తగలకూడదు. తగిలితే తలస్నానం చెయ్యాలి. ఊళ్ళో బడికి పోకుండా నేర్చిన శాస్త్రం అదొక్కటే. అందుకే పురుగులను పట్టకారుతో అందించేవాడు. అయినా తోక తగిలిందనీ, తగిలినట్టుందనీ మూడు రోజుల్లో ఏడు స్నానాలు చేశాడు, అదీ మిద్దె మీది ట్యాంకులో మరిగిన నీళ్ళతో. బల్లికి ఉక్కపోస్తుందేమోనని రాత్రింబవళ్ళు ఏసీ ఫుల్లుగా పెట్టాడు. ఏసీ మెకానిక్ చేయగల మర్యాద అది.

నాలుగో రోజు బల్లి పాత తోలు విడిచి, తానే తినేసింది. వేళ్ళకు మాత్రం తెల్లటి తోలు అంటుకునే ఉంది. రెండు రోజులైనా ఊడలేదు. కోరుట్ల నుంచి మనవరాలు సృజన వీడియో కాల్ చేస్తే, ఫోన్‌ను గాజుపెట్టెకు ఆనించాడు. పదో తరగతి రెండుసార్లు తప్పిన సృజనకు ఫోన్‌లో దొరకని విద్య లేదు.

"తాతా, గా తోలు దారం చుట్టినట్టు బిగుసుకుంటదట. నెత్తురాడక కాలేళ్ళు రాలిపోతయట."

"తోక లెక్క మళ్ళ మొలువయా?"

"నీ ఏలు మొలిచిందా?"

తాత చేతిని లుంగీ మడతలో దాచుకున్నాడు.

"నీ ఏసీ గాలికే తోలు ఎండింది. నువ్వేమో దినాం రెండు మూడు తానాలు జేస్తున్నవ్. దానికి ఒక్కటన్నా చేయించినవా?"

"నేను ముట్ట బిడ్డా. పొద్దంత పనిజేసి ఒళ్ళు హూనమైంది."

"ముట్టకు. ఆ పిల్ల అచ్చినంక ఇరవైల పదిహేడే మిగిలినయని చెప్పు."

బుచ్చన్న లేచి ఏసీ ఆపాడు. ట్యాంకు నీళ్ళు గోరువెచ్చగా అయ్యేదాకా ఆగి, మణికట్టు మీద పోసి చూసుకుని, వెడల్పాటి డబ్బాలో బల్లి పాదాలు మునిగేంత పోశాడు. కళ్ళు మూసుకుని దాన్ని రెండు చేతులతో ఎత్తాడు. "దేవుడా" అన్నాడు. బల్లి ఎప్పటిలాగే నవ్వుతున్నట్టుంది.

పావుగంట నానాక తడి దూదిపుల్లను ఒక్కో వేలిమీదా మెల్లగా దొర్లించాడు. ఏసీ కాయిల్ రేకులు వంగకుండా దుమ్ము తీసిన చెయ్యి అది. ఊడనిదాన్ని లాగలేదు, మర్నాటికి వదిలాడు. పెట్టెలో తడిగుడ్డ పరిచిన చిన్న డబ్బా పెట్టాడు. నాలుగు సాయంత్రాలు, డ్యూటీ దిగి, నడుము పట్టుకుని ఇదే పని. అది అయ్యాక తన స్నానం. ఉక్కకు నిద్ర లేదు.

పందొమ్మిది వేళ్ళు శుభ్రపడ్డాయి. ఇరవయ్యో వేలి కొస అప్పటికే నల్లబడింది.

రీమ్ వచ్చింది. బల్లిని ఒళ్ళో పెట్టుకుని లెక్క మొదలుపెట్టింది. తాత వచ్చీరాని అరబ్బీలో తప్పు ఒప్పుకున్నాడు. "ఏసీ పెట్టింది నేనే."

పిల్ల ఆ నల్లటి కొస దగ్గర ఆగింది. ముఖం ముడుచుకుంది. ఆ తర్వాత తాత ఎడమచేతిని లాక్కుని, మొండి చిటికెన వేలిని తడిమి చూసి, బల్లిని ఆ అరచేతిలో పెట్టింది.

ఆ రోజు బుచ్చన్న స్నానం చేయలేదు. ఓపిక లేక మానేశానన్నాడు. సృజన నమ్మలేదు.