కోడి తోక ముక్క

రవావు నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకునేది. ముందరి పై పళ్ళు రెండూ లేవు. ఫ్రెంచి దొరతనం మీద నలభయ్యేడులో లేచిన తిరుగుబాటులో ఒక ఫ్రెంచి సిపాయి తుపాకి మడమతో రాలగొట్టాడు. మడగాస్కర్ తూర్పు అడవి పక్క ఊళ్ళలో ఆ ఏటి మచ్చ లేని ఒళ్ళు అరుదు.

ఆ రోజు ఆమె మొగుడు ఫరలాహి వడ్ల కొట్టులో దాక్కున్నాడు. సిపాయిలు అడిగితే అతని అన్న రైనిజాఫి నోరు విప్పలేదు, గడ్డం మాత్రం కొట్టువైపు ఎత్తాడు. తాయెత్తు కట్టుకుని "నీళ్ళు, నీళ్ళు" అని అరిస్తే తూటాలు నీళ్ళైపోతాయని నమ్మినవాడు ఫరలాహి. మంత్రాలకు చింతకాయలే రాలవు, తూటాలు ఆగుతాయా. కొట్టులోంచి బయటికి ఉరికి, అరుస్తూ అరుస్తూనే తూటా తగిలి పెరట్లో కుప్పకూలాడు. అడ్డుపడ్డ రవావు నోరు పగిలింది.

తరవాత పదమూడేళ్ళు ఒంటిచేత్తో వరి పండించి కూతుర్ని పెంచింది. బావగారి గడప తొక్కలేదు. ఆ పాపిష్ఠి మనిషి తల దించుకోలేదు సరికదా, వంశానికి పెద్దై కూర్చున్నాడు.

అరవైలో, జూన్ ఇరవయ్యారున, స్వాతంత్ర్యం వచ్చింది. పండగ భోజనం పెద్దవాడి ఇంట్లోనే. తమ్ముడి ఇంటివాళ్ళు కోడిని వండి, తోక ముక్క ఆయన పళ్ళెంలో వెయ్యాలి, అది గౌరవం. ఆయన చెంచా ఎత్తేదాకా ఎవరూ మెతుకు ముట్టరు. ముక్క వెయ్యకపోతే వంశ సమాధిలో, మొగుడి పక్కన, నీకు చోటుండదని బంధువులు రవావుని ముందే హెచ్చరించారు. చచ్చాక దిక్కులేకుండా పడి ఉండడం కంటే ఘోరం అక్కడ లేదు.

రవావు పుంజు మెడ ఒక్క వేటున నరికింది. రెక్కలు కొట్టుకున్నంతసేపూ కాలితో తొక్కిపట్టింది. అల్లం వేసి వండి తెచ్చి, తోక ముక్కని ఎవరూ కూర్చోని చోట ఖాళీ పళ్ళెంలో వేసింది.

"ఎవరికే అది?" అన్నాడు రైనిజాఫి.

"మీ తమ్ముడికి. ఎక్కడున్నాడో మీకు తెలుసుగా బావగారూ. గడ్డం ఎత్తి చూపించండి."

చేతికర్ర ఆమె నెత్తిన పడింది. రెండో దెబ్బకి కనుబొమ చిట్లి నెత్తురు ఆమె పళ్ళెంలోని అన్నంలో కారింది. సమాధిలో నీ ఎముక కూడా పడనివ్వనని ఆయన రంకెవేశాడు. ఎవరూ కదల్లేదు. రవావు కూర్చుని, చెంచా తీసుకుని, ఎర్రబడ్డ ఆ అన్నమే తినడం మొదలుపెట్టింది.

కాసేపటికి రైనిజాఫి పెళ్ళాం చెంచా ఎత్తింది. తరవాత ఆయన కొడుకులు. కర్ర పట్టుకుని నిలబడ్డ పెద్దమనిషిని కూర్చోమని ఎవరూ అనలేదు.