పాకంలో వేళ్ళు, ఒక న్యూస్‌రీడరు

“కోతలు కోయడానికి కూడా ఒక హద్దుండాలి అయ్యా. మరిగే పాకంలో వేళ్ళు పెట్టేవాణ్ణి మీరెక్కడ చూశారు?”

ఈ రెండు వాక్యాలూ నన్ను ఉద్దేశించి రాసినవి. రాసిన మనిషి ఎవరో నాకు తెలీదు. ఆయనకీ నేనెవరో తెలీదు. తెలిసుంటే కనీసం ‘అయ్యా’ అనేవాడు కాదు. నేను ఆడమనిషిని. పేరుకి బదులు రెండు పొడి అక్షరాలు పెట్టేసరికి మగవాణ్ణనుకున్నాడు. ఆ ఒక్క దాంట్లోనే నాకు రెండు అవమానాలు.

అప్పట్లో నేను చోడవరం టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటర్ని. ఆఫీసుకి ఇంటర్నెట్టు కొత్తగా వచ్చింది. మధ్యాహ్నం కాల్స్ పల్చబడ్డాక మా సూపర్‌వైజరు కంప్యూటరు ముందు కాసేపు కూర్చోనిచ్చేవారు. న్యూస్‌గ్రూపులని ఉండేవి. ఒక్కో విషయానికి ఒక్కో గ్రూపు. ఎవరైనా ఒక ఉత్తరం లాంటిది రాసి అందులో పెడితే, ఏ దేశంలో ఉన్నవాళ్ళైనా చదివి దాని కిందే జవాబు రాయొచ్చు. తెలుగువాళ్ళకీ ఒకటి ఉండేది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసుకునేవారు. ఒకసారి అందులో బెల్లం గురించి మాట వచ్చింది. నేను ఊరుకోలేక మా మేనమామ గురించి రాశాను. బుచ్చయ్యపేట దగ్గర ఆయనకి చెరకు తోట, గానుగ, బెల్లం పెనం ఉండేవి. పాకం ముదిరిందో లేదో చూడాలంటే ఆయన చన్నీళ్ళలో చెయ్యి ముంచి, అదే చేత్తో పెనంలో మరుగుతున్న పాకాన్ని రెండు వేళ్ళతో తీసి, మళ్ళీ నీళ్ళలో పెట్టి ఉండ చేసేవాడు. ఆ ఉండని పెనం అంచుకి కొడితే టంగుమనాలి. అప్పుడే దింపడం. చిన్నప్పుడు పక్కన నిలబడి ఎన్నిసార్లు చూశానో.

దానికి వచ్చిన జవాబు ఆ రెండు వాక్యాలు.

వెంటనే తిరిగి రాయొచ్చు కదా అని మీరనుకోవచ్చు. రాయలేదు. తప్పు ఆయనది, ముందు క్షమాపణ ఆయన చెప్పాలి. మా వైపు మాట జారినవాడే గుమ్మం ఎక్కుతాడు. పడ్డవాళ్ళు ఎదురెళ్ళరు. నేను చూస్తూ కూర్చున్నాను. అలా ఉండగానే నన్ను కంప్యూటరు లేని వేరే ఎక్స్ఛేంజికి బదిలీ చేశారు. ఆ బదిలీ ఎవరు చేయించారో కూడా నాకు తెలుసు, అది వేరే సంగతి.

తర్వాతెప్పుడో ఆ పాత గ్రూపులన్నీ చూపించే ఒక వెబ్‌సైటు కనపడింది. వెతికితే నా ఉత్తరం ఉంది. దాని కింద ఆయన జవాబు ఉంది. దాని కింద ఖాళీ. ఆ ఖాళీ చూస్తే నాకు ఒళ్ళు మండింది. చదివినవాళ్ళంతా ఏమనుకుని ఉంటారు? నేను నోట మాట లేక ఊరుకున్నాననే కదా. అయినా పట్టు విడవకుండా, ఇవాళ కాకపోతే రేపైనా ఆయనే రాస్తాడని చూశాను. ఉద్యోగం నుంచి రిటైరయ్యాను. ఇక సరే, నేనే రాసి పడేస్తానని మొన్నీమధ్య కూర్చుంటే, ఆ వెబ్‌సైటులో జవాబు రాసే మీట లేదు. ఇప్పుడు పాతవి చదువుకోవడమేనట, కొత్తగా రాయడానికి లేదట. రాయాలంటే న్యూస్‌రీడర్ అనే ప్రోగ్రాం కంప్యూటర్లో పెట్టుకోవాలట.

బస్టాండు దగ్గర కంప్యూటర్లు బాగుచేసే షాపుకి వెళ్ళాను. ఆ షాపాయన లోగడ నాకు ‘ఎ’ అక్షరం పడని కీబోర్డు అమ్మినవాడే. మర్చిపోలేదు, అయినా వెళ్ళాను.

“న్యూస్‌గ్రూపులు చదివే ప్రోగ్రాం కావాలి బాబూ. ఉచితంగా దొరికేది.”

“గ్రూపంటే వాట్సాపేనా అమ్మా? ఫోనివ్వండి, యాడ్ చేసెస్తాను.”

“వాట్సాప్ కాదు. అంతకు ముందువి. కంప్యూటర్లో.”

“అంతకు ముందా?” అని తల గోక్కున్నాడు. “అంతకు ముందు ఏటున్నాయమ్మా?”

సొంతంగా చూసుకోవడమే నయమనిపించింది. నెట్‌లో వెతికితే ఉచిత న్యూస్‌రీడర్లు అంటూ పేజీల మీద పేజీలు వచ్చాయి. ఒక ప్రోగ్రాం గురించి ఒకడు దీన్ని మించింది లేదంటాడు, ఆ కిందే ఇంకొకడు దాని జోలికి పోవద్దంటాడు. పెళ్ళి సంబంధం గురించి వాకబు చేసినట్టే ఉంది. అబ్బాయి తరఫువాళ్ళెవరో, గిట్టనివాళ్ళెవరో మనకి తెలియదు.

మొదట పెట్టినది తెరని మూడు గదులుగా చేసింది. ఏ గదిలో ఏముందో అర్థం చేసుకునే లోపల తెలుగు అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలుగా మారాయి. నేను టైపు చేసిన నా పేరు కూడా ప్రశ్నార్థకాల వరసే. తీసేశాను. రెండోది చూడ్డానికి బాగుంది. ఉచితం అని పెద్ద అక్షరాల్లో రాసి, నేను అలవాటు పడుతుండగా ఒక రోజు పొద్దున్న, గడువైపోయింది, కొనుక్కో అంది. అలా మాట తప్పేదాన్ని ఇంట్లో ఉంచుకోను. మూడోది అసలు ఈమెయిళ్ళ ప్రోగ్రాం. న్యూస్‌గ్రూపులు కూడా అందులోనే ఉంటాయన్నారు. అది నా మెయిళ్ళన్నిటినీ లాక్కొచ్చి, బ్యాంకువాళ్ళవీ, పెళ్ళి సంబంధాలవాళ్ళవీ కుప్ప పోసింది గానీ గ్రూపులు ఎక్కడ దాచిందో చూపించలేదు.

మా ఆయన బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యారు. పేపరు పక్కన పెట్టి నా వెనక నిలబడ్డారు.

“ఏటే, ఇంకా ఆ పాకం ఆయనేనా?”

“మీకెందుకు?”

“నాకెందుకేటి? ఇన్నేళ్ళబట్టి మనింట్లో అద్దె కట్టకండా ఉంటన్నాడు కదా. నేనయితే ఎప్పుడో బస్సు ఆపి దింపెద్దును.”

ఈయన మా పెద్దాడపడుచు కూతురి పెళ్ళిలో, అందరి ముందూ, మా ఆవిడ కంప్యూటరు దులపడానికే పనికొస్తుందన్న మనిషి.

నాలుగోది పెట్టాను. చాలా పాతది. ఎవరో ఒక్క మనిషే కూర్చుని తయారుచేసి, ఊరికే పంచిపెడుతున్నాడట. రంగులు లేవు, బొమ్మలు లేవు. మా ఎక్స్ఛేంజిలో పాత బోర్డులా ఉంది. ఒక సెట్టింగు మారిస్తే తెలుగు అక్షరాలు చక్కగా కనపడ్డాయి. దీన్నే ఖాయం చేశాను. హమ్మయ్య అనుకునేసరికి అది “మీ సర్వర్ చిరునామా ఏది?” అని అడిగింది.

నాకు సర్వరెక్కడిది? గ్రూపులు చదివించే ప్రోగ్రాం అంటే గ్రూపులు అందులో ఉంటాయనే కదా ఎవరైనా అనుకుంటారు. తీరా చూస్తే ప్రోగ్రాం వేరు, ఉత్తరాలని దాచి ఉంచే సర్వర్ వేరు. పొయ్యి ఊరికే ఇచ్చారు, గ్యాసు కనెక్షన్ ఎవరింటికి వెళ్ళి అడగాలి? మళ్ళీ వెతికాను. ఉచితంగా ఇచ్చే సర్వర్లూ ఉన్నాయి. ఒకదానికి మెయిలు రాసి, వాళ్ళు పాస్‌వర్డు పంపేదాకా ఎదురు చూసి, చేర్చాను.

గ్రూపుల పేర్లు వరదలా దిగాయి. ఏది ఎందుకో తెలియక, నేర్చుకోవడానికని కనపడినవన్నీ తెరిచి చూశాను. తోటపని, వంటలు, మిఠాయిలు, పక్షులు, పాత మోటారు సైకిళ్ళు, రసాయన శాస్త్రం, కుట్లు అల్లికలు. చివరికి మా తెలుగు గ్రూపు దొరికింది. తెరిచాను. ఏవో ప్రకటనలు కొన్ని, అంతే. నా ఉత్తరం లేదు, ఆయన జవాబు లేదు. ఈ సర్వరువాళ్ళు అంత పాతవి ఉంచరట.

అప్పుడు నా బుర్ర పూర్తిగా తిరిగిపోయింది. వెబ్‌సైటులో ఆయన మాట ఉంది, జవాబు రాసే వీలు లేదు. ఈ ప్రోగ్రాంలో జవాబు రాసే వీలుంది, ఆయన మాట లేదు. చదివే చోట రాయలేను, రాసే చోట చదవలేను. దేని కింద రాయను?

మర్నాడు ఆటో ఎక్కి మా మేనమామ దగ్గరికి వెళ్ళాను. గానుగ తీసేసి చాలా కాలమైంది. పెనాన్ని వాకిట్లో పెట్టి, అందులో కందులు ఎండబోశారు. మావయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నేను రిటైరైన మనిషినైనా ఆయనకి ఇంకా చిన్నపిల్లనే, గుంటనే.

“ఏటే గుంటా, ఇలాగొచ్చేవు? మీ ఆయన బాగున్నాడా?”

సంగతంతా చెప్పాను. కొత్తగా కాదు, ఇదివరకు ఎన్నోసార్లు చెప్పినదే. ఈసారి సర్వరు సంగతి అదనం. ఆయన వింటూ చుట్ట ఆర్పి పక్కన పెట్టాడు.

“ఆడు కోతలన్నది నా వేళ్ళనా, నీ మాటనా?”

“రెండూ ఒకటే కదా మావయ్యా?”

“ఒకటెలాగవుతాదే? వేళ్ళు నావి. కోపం రావాలంటే నాకు రావాల. నాకు రాలేదు. ఆడెప్పుడూ పెనం కాడ నిలబడ్లేదు, ఆడికేటి తెలుస్తాది పాపం. మరి నీకెందుకొచ్చిందే?” అన్నాడు.

నేను చెప్పబోయాను. నా దగ్గర చాలా కారణాలు ఉన్నాయనుకున్నాను. వెతికితే ఒక్కటే దొరికింది. “నన్ను అబద్ధాలకోరన్నాడు” అన్నాను ఆఖరికి.

“అయితే నీ జవాబు నువ్వు రాసుకో. నా పేరు సెప్పి దెబ్బలాటకెళ్ళకు” అని, లోపలికి కేకేసి నాకు మజ్జిగ ఇమ్మన్నాడు.

దారంతా ఆలోచిస్తూనే వచ్చాను. మావయ్య నా పక్షమో, ఆ పాకం ఆయన పక్షమో తేలలేదు.

ఇంటికొచ్చి రాయడానికి కూర్చున్నాను. కొత్త ఉత్తరంగానే రాద్దామనుకున్నాను. చన్నీళ్ళు, రెండు వేళ్ళు, ఉండ, టంగుమనడం, అన్నీ తెలుగులో రాసి, తెలియనివాళ్ళ కోసం కింద ఇంగ్లీషులో కూడా రాశాను. ఎవరి పేరూ ఎత్తలేదు, కింద నా పేరుకి బదులు పాతలాగే ఆ రెండు పొడి అక్షరాలే పెట్టాను. పైన, ఏ గ్రూపుకి పంపాలి అనే గడి ఉంది. తెలుగు గ్రూపు పేరు వేశాను. వేశాక ఆగాను. ఇన్నాళ్ళూ నేర్చుకోవడానికని ఎంతమంది ఇళ్ళలోకి తొంగి చూశాను? మా వైపు పిలుపులంటే ఒక గుమ్మం ఎక్కి పక్క గుమ్మం దాటిపోకూడదు. దాటిపోతే ఎంత బాధో నాకంటే ఎవరికి తెలుసు? మా పక్క వీధివాళ్ళు గృహప్రవేశానికి అందరికీ బొట్టు పెట్టి పిలిచి, మాకు మాత్రం గేటు సందులో కార్డు దూర్చి పోయారు. ఆ పని నేను ఇంకొకరికి చెయ్యను. తోటపనివాళ్ళ పేరు వేశాను. వంటలు, మిఠాయిలు, పక్షులు, మోటారు సైకిళ్ళు, రసాయన శాస్త్రం, కుట్లు అల్లికలు, ఒక్కరినీ వదల్లేదు. పంపు నొక్కాను.

తిప్పికొట్టింది. గ్రూపులు మరీ ఎక్కువయ్యాయని ఒక ముక్క ఎర్రగా చూపించి, ఉత్తరం వెనక్కిచ్చేసింది.

“చూశారా, ఇక్కడ కూడా నాకు అవమానమే!” అన్నాను.

మా ఆయన కళ్ళజోడు పెట్టుకుని వంగి చూశారు. “బస్సులో సీట్లకి మించి ఎక్కించేవు. దింపు కొంతమందిని.”

“ఎవర్ని దింపమంటారు? వదిలేస్తే వాళ్ళు ఏమనుకుంటారు?”

“నువ్వెవరో ఆళ్ళకి తెలిస్తే కదే అనుకోడానికి!”

ఒక్కొక్క పేరూ తీస్తుంటే మనసు చివుక్కుమంది. పక్షులవాళ్ళని తీశాను, రసాయనాలవాళ్ళని తీశాను, కుట్లు అల్లికలవాళ్ళని తీశాను. వంటలూ తోటపనీ కూడా తియ్యాల్సి వచ్చింది. తెలుగు, మిఠాయిలు, మోటారు సైకిళ్ళు మిగిలాయి. మోటారు సైకిళ్ళవాళ్ళని ఎందుకు ఉంచానో ఇప్పటికీ చెప్పలేను. ఈసారి వెళ్ళింది.

మొదటి జవాబు మోటారు సైకిళ్ళవాడిదే. దీనికీ మాకూ ఏమిటి సంబంధం అన్నాడు. గుర్తు పెట్టుకున్నాను. తర్వాత మిఠాయిల గ్రూపు నుంచి ఎవరో, ఏ దేశమో చెప్పలేదు, వాళ్ళ తాతగారు మిఠాయి చేసేవారనీ, ఆయనా చన్నీళ్ళలో ముంచిన వేళ్ళతోనే పాకం తీసి చూసేవారనీ, ఇంట్లో ఎవరూ నమ్మేవారు కాదనీ రాశారు. చదివి మా ఆయన, “గెలిచేవు కదే, ఇంక ఆ కంప్యూటరు కట్టెయ్” అన్నారు.

ఎవరి మీద గెలిచాను? కోతలన్న మనిషి వినకుండా నాది నిజమైతే దాన్ని గెలుపంటారా? కట్టలేదు. రోజూ పొద్దున్న కాఫీ తాగి ఆ ప్రోగ్రాం తెరిచి చూడడం అలవాటైపోయింది.

నిన్న తెలుగు గ్రూపులో, నా ఉత్తరం కింద, ఒక జవాబు కనపడింది. ఎప్పుడూ వినని పేరు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు, పాత రోజుల్లోలాగే. “అయ్యా, ఇక్కడ ఇంకా మనుషులున్నారా? నేను ఎవరూ లేరనుకున్నాను. ఆ పాకం సంగతి ఇంతకు ముందెప్పుడో చదివినట్టు గుర్తు.”

అంతే. ఆయనేనా? ఆయనైతే పేరెందుకు మార్చుకున్నాడు? కాకపోతే ఆ ‘అయ్యా’ ఎక్కడిది? గుర్తుందంటాడు, తప్పన్నాడో ఒప్పన్నాడో చెప్పడు. క్షమాపణా ఇది, పలకరింపా? మళ్ళీ మళ్ళీ చదివాను. మా ఆయన చేత చదివించాను. ఆయన, “ఏమో, మర్యాదగానే ఉన్నాడు” అన్నారు, అదేదో పెద్ద సాక్ష్యం అయినట్టు.

దాని పక్కన జవాబు రాసే మీట ఉంది. ఇన్నేళ్ళూ దీని కోసమే కదా. నొక్కాను. రాయాలనుకుని దాచుకున్న మాటలన్నీ వరసగా నిలబడ్డాయి. ఆయన కాకపోతే అవన్నీ ఎవరి నెత్తిన పడతాయి? ఎంతకీ తేలలేదు. చివరికి, ఆయనైనా కాకపోయినా తప్పకుండా చెప్పాల్సిన మాట ఒకటుందని తోచి, అదే ముందు రాశాను.

“ఉన్నాను. కానీ నేను అయ్యని కాను, అమ్మని. మీరు ఇదివరకు ఎప్పుడైనా ఈ గ్రూపులో నాకు జవాబు రాశారా?”

పంపాను. వెళ్ళింది.