అన్నయ్య దాచిన గడ్డ

మంగళవారం పొద్దున గంపలగూడెంలో నేను బియ్యం కడుగుతుంటే, తిరువూరు నుంచి అన్నయ్యతో పనిచేసే మాస్టారు సైకిలు మీద వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. "అన్నయ్యగారు మనకిక లేరమ్మా" అన్నారు. వస్తుందనుకున్న కబురే. కడుగుతున్న బియ్యం అక్కడే వదిలేసి బయల్దేరాను.

ఇవాళ ఆయన్ని తలచుకోవడానికొచ్చిన మీలో చాలామంది అన్నయ్య దగ్గర లెక్కలు నేర్చుకున్నవాళ్ళే. మూడేళ్ళ కిందట ఆయన రెండు కిడ్నీలూ చెడిపోతే, మద్రాసు అవతలి పెద్దాసుపత్రిలో నాదొకటి తీసి పెట్టారు. దాన్ని ఆయన "కోడలు" అనేవాడు. చెల్లెలింటి పిల్ల మేనమామ ఇంటికొచ్చింది కదా! చెంబెత్తి నీళ్ళు తాగుతూ, "కోడలికి దాహమేస్తోందే" అని నవ్వించేవాడు.

నవ్వేదాన్ని గానీ నాకు ఒకటే భయం. ఒళ్ళు ఆ కిడ్నీని పరాయిదని తోసేయకుండా రోజూ మాత్రలు మింగాలి. అవి ఒంట్లో రోగాన్ని ఆపే శక్తినే తగ్గిస్తాయట. దానివల్ల క్యాన్సర్ కూడా రావచ్చని, ఏ గడ్డ కనపడినా వెంటనే రమ్మని డాక్టరు ముందే చెప్పారు. తిరువూరు వెళ్ళినప్పుడల్లా అన్నయ్య మెడ తడిమి చూసేదాన్ని. "ఏంటే, సంతలో గేదెను చూసినట్టు!" అని కసిరేవాడు.

ఈ ఎండాకాలం మెడకు తువ్వాలు చుట్టడం మొదలుపెట్టాడు. అడిగితే జలుబన్నాడు. నమ్మాను, బుద్ధిలేనిదాన్ని. రెండు నెలలకు వదిన ఆ తువ్వాలు లాగేస్తే, నిమ్మకాయంత గడ్డ.

"చెబితే మాత్రలు తగ్గిస్తారే. తగ్గిస్తే నువ్విచ్చింది పోతుంది. నిన్ను కోయించి తెచ్చుకున్నది ఎట్లా పోగొట్టుకోను?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "పోతే పోనీ! నాకు నువ్వు కావాలి గానీ, అదెందుకు?" అని ఏడుస్తూ తిట్టి మళ్ళీ ఆ ఆసుపత్రికే బయల్దేరదీశాను.

డాక్టర్లు క్యాన్సరేనని చెప్పి మాత్రలు తగ్గించారు, మెడకు కరెంటు, అదే రేడియేషన్, పెట్టారు. గడ్డ కాస్త కరిగింది గానీ, నెల తిరక్కుండానే కిడ్నీ ఆగిపోయింది. మళ్ళీ డయాలిసిస్‌కు ఆయన ఒళ్ళు తట్టుకోదని, ఇక ఇంటికి తీసుకెళ్ళమన్నారు. ముందే చూపించి ఉంటే బతికేవాడా అని అడగడానికి నాకు ధైర్యం చాల్లేదు. నేనిచ్చిన కిడ్నీయే అన్నయ్య నోరు కట్టేసిందేమోనన్న భయం ఇప్పటికీ వదలడం లేదు. దానివల్లే మూడేళ్ళు బడికి వెళ్ళాడు, అదీ నిజమే. ఆ మూడేళ్ళకు దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నాను.

రైల్లో బెజవాడ దాకా వచ్చి, అక్కణ్ణుంచి తిరువూరుకు టాక్సీలో తెచ్చాం. అన్నయ్య నా పక్కన కళ్ళు మూసుకుని ఉన్నాడు. రోడ్డంతా గుంతలు. బండి ఎగిరిపడ్డప్పుడల్లా ఆయన చెయ్యి కుడివైపు పొత్తికడుపు మీదికి పోయి, నా కిడ్నీ ఉన్నచోట అదిమిపట్టేది. అది ఆగిపోయిందని ఆయనకు తెలుసు.