రెప్పమ్మ మెడ మీద ఊపిరి

ఆ హేచరీలో అందరూ ఆమెను రెప్పమ్మ అనేవాళ్ళు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎవరి నోటా వినపడేది కాదు. గుడ్లు పొదిగే యంత్రాలు పాతవి. వాటికి బిగించిన థర్మామీటరు పెట్టె నడిమధ్య వేడిని మాత్రమే చూపేది, మూలల సంగతి దానికి పట్టదు. అందుకని రెప్పమ్మ ఒక్కో మూల నుంచి ఒక గుడ్డు తీసి, కన్ను మూసి, రెప్పకు ఆనించుకునేది. చల్లబడిందో, ఉడుకుతోందో చెప్పి వేడి మీట తిప్పేది. ఆమె రెప్ప మాటకు తిరుగులేదు.

"నువ్వు కన్ను మూస్తేనేనమ్మా మాకు దారి కనపడేది" అని మేస్త్రీ వేళాకోళమాడేవాడు.

ఆ గదికి కిటికీ లేదు. ఫ్యాన్ల హోరు తప్ప మరో చప్పుడు ఉండదు. ఉండుండి ట్రేలన్నీ వాటంతటవే కిర్రుమని ఒక పక్కకు ఒరిగేవి, వేల మంది ఒకేసారి నిద్రలో అటు తిరిగి పడుకున్నట్టు. రెప్పమ్మకు ఆ చప్పుడంటే ఏనాడూ భయం లేదు.

ఒక మధ్యాహ్నం గుడ్డు రెప్పకు ఆనించుకుని ఉండగా వెనక ఎవరో నిలబడి మెడ మీద ఊపిరి వదిలారు. వెచ్చటి, తడి ఊపిరి. తిరిగి చూస్తే ఎవరూ లేరు. ఊపిరి మాత్రం ఆగలేదు. మెడ నుంచి చెంపలకు, చెంపల నుంచి నెత్తికి పాకింది. గుండె దడదడలాడింది, రవిక చెమటతో వీపుకు అంటుకుపోయింది. అదే సమయంలో రెప్ప మీది గుడ్డు శవం నుదురులా చల్లగా తగిలింది. బెదిరిపోయి మీట పైకి తిప్పింది.

ఆ తర్వాత అది రోజూ రావడం మొదలుపెట్టింది. వచ్చినప్పుడల్లా గుడ్లు చల్లబడేవి. ఈ కనపడనిదేదో గుడ్లలోని వెచ్చదనం పీల్చుకుని తన ఒంట్లో కుమ్మరిస్తోందని రెప్పమ్మ తేల్చుకుంది. అది పీల్చినదంతా మీట తిప్పి మళ్ళీ గుడ్లకు పోసేది. ఒకళ్ళకొకళ్ళు తీసిపోకుండా పంతం పట్టారు, ఆమే, అదీ.

కోడిపిల్లల్ని ఊళ్ళకు చేరవేసే వ్యాను తోలే మొగుడికి చెబితే నవ్వాడు.

"నిన్ను పట్టిందా? పాపం, దానికి నీ సంగతెవరూ చెప్పలేదేమో!"

అక్క నవ్వలేదు. "ముట్లు ఆగిపోయాయిగా, ఇంకేముంది? నేను పడలా? నోరు మూసుకుని ఓర్చుకో" అని ఏదో వేరు పొడి పొట్లం కట్టిచ్చింది. ఆడమనిషి ఒంట్లో మంట పుడితే ఇళ్ళల్లో దొరికే మందులు రెండే, ఎగతాళి, ఓర్పు. రెండూ ఉచితం కనుక ఎంతైనా పోస్తారు.

పిల్లలు బయటికొచ్చే రోజున ఆ గది తలుపు తీస్తే కిచకిచలకు చెవులు గింగురుమనాలి. ఆ రోజు తలుపు తీస్తే ఫ్యాన్ల హోరే వినపడింది. పెంకు పగిలిన చోట చిన్న ముక్కులు బయటికొచ్చి, అలాగే నిలిచిపోయి ఉన్నాయి. ట్రే తర్వాత ట్రే లాగారు.

"వేడికి ఉడికిపోయాయి" అన్నాడు మేస్త్రీ చివరికి. "థర్మామీటరు ఎక్కడం నేను చూస్తూనే ఉన్నా. తిప్పింది నువ్వు కదా అని ఊరుకున్నా."

"చల్లబడ్డాయి, అన్నా! నా రెప్పకు చల్లగా తగిలాయి!"

అంటుండగానే అది మళ్ళీ వచ్చింది. మేస్త్రీ ఆమె మొహం కందగడ్డలా అవడం, చెమట ధారలు కట్టడం కళ్ళారా చూశాడు.

"మా ఇంట్లో నీ వదినకీ ఇంతేనమ్మా" అన్నాడు మెల్లగా. "డాక్టరమ్మకు చూపించుకో."

యజమాని ఇంకొక్క విడత గడువిచ్చాడు. అదీ పోతే రెప్పమ్మ పెంకులు ఊడ్చే షెడ్డుకు, ఆమె చోటికి కొత్త యంత్రం.

డాక్టరమ్మ నవ్వకుండా అంతా విన్నది. బీపీ చూసింది. రొమ్ము క్యాన్సర్, కాళ్ళల్లో రక్తం గడ్డకట్టడం ఇంట్లో ఎవరికైనా ఉన్నాయా, ముట్లు ఆగాక మళ్ళీ రక్తం కనపడిందా అని గుచ్చి గుచ్చి అడిగింది.

"ముట్లు ఆగే వయసులో వచ్చే వేడి ఆవిర్లమ్మా ఇవి. ఆ కాసేపూ మీ చర్మం కాలుతుంటుంది, గుడ్డు మామూలుగానే ఉంటుంది. కాలే చర్మానికి ఏదైనా చల్లగానే తగులుతుంది."

అంటే గదిలోకి ఎవరూ రాలేదు. పిల్లల్ని ఉడకబెట్టింది తన రెప్పే. రెప్పమ్మకు దయ్యమే నయమనిపించింది.

నడుము కింద అంటించుకునే హార్మోన్ పట్టీ, గర్భసంచి ఉంది కనుక దానికి తోడు ఇంకో మాత్ర రాసిచ్చింది డాక్టరమ్మ. అందరికీ ఇవి పడవని, మళ్ళీ మళ్ళీ వచ్చి చూపించుకోవాలని చెప్పింది. పొడి పొట్లం చూసి, ఇందులో ఏముందో తెలియకుండా మాత్రలతో కలపొద్దంది. కాఫీ తగ్గించి, రోజూ నడిచి, ఆవిరి వచ్చినప్పుడు ఊపిరి నిదానంగా వదలమంది.

"పూర్తిగా పోతుందా?"

"చాలా తగ్గుతుంది. అప్పుడప్పుడూ పలకరిస్తుంది."

కొన్ని వారాలకు ఆవిర్లు తగ్గి నిద్ర పట్టింది. వాటితో పాటు మొదలైన కీళ్ళ నొప్పులూ సగం సర్దుకున్నాయి. మొగుడు ఎగతాళి మానేసి సాయంత్రాలు పక్కన నడిచేవాడు, ఆయాసపడుతూ. కొత్త విడత గుడ్లు చివరి రోజులకు వచ్చాయి. రెప్పకూ థర్మామీటరుకూ తేడా రావడం లేదు.

ఆ పొద్దున గదిలో ఒక్కతే ఉంది. మూల గుడ్డు రెప్పకు ఆనించగానే మెడ మీద ఊపిరి తగిలింది. ఇదేమిటో ఇప్పుడు తెలుసు. తెలిసినా వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. గుడ్డు మంచుముక్కలా అయింది. చచ్చిపోతున్నాయి, తిప్పు, తిప్పు అని రెప్ప మొత్తుకుంది. చెయ్యి మీట దాకా వెళ్ళింది.

బతుకంతా నమ్మిన రెప్పను ఈసారి నమ్మకూడదు. రెప్పమ్మ చెయ్యి వెనక్కి లాక్కుని, పిడికిలి బిగించి, ఊపిరి నిదానంగా వదులుతూ నిలబడింది. వెనకనున్నదీ ఆమెతో పాటే వదులుతున్నట్టుంది. చల్లటి గుడ్డు రెప్ప మీదే ఉంది.

గుడ్డు లోపలి నుంచి ఏదో ఆమె కంటి మీద టక్కున కొట్టింది. కాసేపాగి, మళ్ళీ కొట్టింది.