మా అక్క నవ్వని నవ్వు

మా అక్కను అందరూ రాక్షసి అంటారు. తిట్టు కాదు, ఉద్యోగం. పాతికేళ్ళుగా డబ్బింగ్ సినిమాల్లో, సీరియళ్ళలో, పిల్లల కార్టూన్లలో ఏ ఆడవిలన్ నోరు తెరిచినా అందులోంచి వచ్చేది మా అక్క గొంతే. సవతి తల్లులు, మంత్రగత్తెలు, మొగుడికి విషం పెట్టే మహారాణులు, అందరూ ఆవిడే. మనిషి మాత్రం బల్లిని చూస్తే మంచమెక్కుతుంది. "ఇంట్లో ఆ రాక్షసి నవ్వు నవ్వదు, అదొక్కటే నా అదృష్టం" అంటాడు మా బావ.

ఆ నవ్వే ఆవిడకు అన్నం పెట్టింది. మొదట్లో గుంపులో అరుపులకీ, చంటిపిల్లల ఏడుపులకీ పిలిచేవారు. ఒకరోజు టీ తాగుతూ ఎవరి జోకుకో పగలబడి నవ్వింది. అది దర్శకుడి చెవిన పడింది. వెంటనే మైకు ముందు నిలబెట్టి చిన్న నవ్వు, పొడుగు నవ్వు, పగలబడే నవ్వు అన్నీ రికార్డు చేసి కంప్యూటర్లో దాచాడు. "మీకు గొంతు బాగాలేని రోజున అతికించుకుంటామమ్మా" అన్నాడు. మా పనిలో అది మామూలే. ఆర్టిస్టుల దగ్గులూ ఎక్కిళ్ళూ ఏడుపులూ స్టూడియోలో అలా దాచిపెట్టి ఉంటాయి. నేనూ అక్కడే డబ్బింగ్ మాటలు రాస్తాను, నాకు తెలుసు.

ఇన్నేళ్ళలో ఒకే ఒక్కసారి ఆవిడకు మంచి మనిషి గొంతు వచ్చింది. పెద్ద సినిమాలో కథానాయిక. స్టూడియోవాళ్ళు ఇంటికి ఫోన్ చేసేసరికి అక్క బజారులో ఉంది. ఫోన్ తీసింది వాళ్ళ అత్తగారు. లోపల అక్క కూతురు జ్వరంతో మూలుగుతోంది. ఈ కబురు తెలిస్తే కోడలు పిల్లను వదిలి వెళ్ళిపోతుందని, "ఊళ్ళో లేదండీ" అని పెట్టేసిందావిడ. ఆ అవకాశం ఇంకొకరికి పోయింది, మళ్ళీ రాలేదు.

సంగతి తెలిశాక అక్క ఆవిడతో మాట్లాడటం మానేసింది. ఒకే వంటింట్లో ఇద్దరూ గిన్నెల చప్పుడుతోనే మాట్లాడుకునేవారు. చాలా నెలల తర్వాత ఒక మధ్యాహ్నం, నేనూ అక్కడే ఉన్నాను, చిక్కుళ్ళకు ఈనెలు తీస్తూ తలెత్తకుండా అత్తగారు అంది: "మళ్ళీ అలాగే వస్తే మళ్ళీ అలాగే చేస్తాను." చాలాసేపు ఆగింది. "కానీ నీకు అన్యాయం చేశాను."

అక్క ఒలిచిన చిక్కుళ్ళు తీసుకుని పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. తర్వాత మెల్లగా మాటలు కలిశాయి గానీ, ఆ మాటకు జవాబు మాత్రం ఇవ్వలేదు. ఇవ్వాలని ఉండేది. "ఎలా చెప్పాలో తెలీటం లేదే" అనేది నాతో. పొద్దస్తమానం మాటలు చెప్పి బతికే మనిషి!

ఈమధ్య మా స్టూడియోకి ఒక సూపర్‌హీరో యానిమే, అదే జపాన్ కార్టూన్ సీరియల్, వచ్చింది. అందులో నిప్పుచెయ్యి అనే ఆవిడ ఉంది, విలన్ అని అక్కకిచ్చారు. మంటల్ని అరచేతిలోకి లాక్కుంటుంది, కానీ ఎక్కువసేపు పట్టుకోలేదు, ఎక్కడో ఒకచోట వదలాలి. ఒకరోజు ఆస్పత్రి అంటుకుంటుంది. ఆ మంటనంతా లాగేసి, చెయ్యి పట్టలేక వంతెన మీదికి వదులుతుంది. అక్కడ కాపలావాడున్నాడని తెలుసు. తెలిసే వదులుతుంది. ఆస్పత్రిలో అందరూ బతుకుతారు, కాపలావాడి కాలు పోతుంది. మరి అదే సమయానికి హీరోలు ఏం చేస్తున్నారు? కెమెరాలున్న వైపు ఎగురుతున్నారు. కొన్నాళ్ళకు నిప్పుచెయ్యి ఆ కాపలావాడి గుమ్మం ముందుకొచ్చి నిలబడుతుంది.

ఆవిడ మంచిదా చెడ్డదా అంటే నాకు తెలీదు. తెలీలేదు కాబట్టే కన్నార్పకుండా చూశాను.

ఆ గుమ్మం దగ్గరి మాటలు నేను "పరిస్థితులు పునరావృతమైతే" అంటూ ఘనంగా రాశాను. అక్క మైకు ముందు ఆ కాగితం చదివి పక్కన పెట్టేసింది. "ఇలా ఎవరంటారే?" అని, తెర వైపు చూస్తూ తనే చెప్పింది. "మళ్ళీ అలాగే వస్తే మళ్ళీ అలాగే చేస్తాను." ఆగింది. తెర మీద నిప్పుచెయ్యి నోరు కాస్త తెరుచుకుంది గానీ మాట రావటం లేదు. "కానీ నీకు అన్యాయం చేశాను."

అది అత్తగారి మాట. ఆ విరుపు, ఆ గుటక మింగటం, అంతా ఆవిడే. వెక్కిరింపు ఇసుమంతైనా లేదు. ఆ మాటను ఇన్నేళ్ళూ ఎంత పదిలంగా దాచుకుందో నాకప్పుడు అర్థమైంది.

"ఇదే నా జవాబు" అంది బయటికొచ్చాక, కళ్ళు తుడుచుకుంటూ. "వింటే అత్తయ్యకే తెలుస్తుంది, ఆ మాట నాకు అందిందని."

మర్నాడు దర్శకుడు మా ఇద్దర్నీ పిలిచాడు. "అద్భుతంగా చెప్పారమ్మా. ఆ మధ్యలో ఖాళీ ఉంది చూడండి, అక్కడ మీ నవ్వు ఒకటి పడాలి."

"క్షమించమని అడుగుతూ నవ్వుతుందా?" అంది అక్క.

"అందుకే కదా విలన్ అయ్యేది! ఛానెల్‌వాళ్ళు ఒప్పుకోవట్లేదమ్మా. బొమ్మలు అమ్ముకోవాలి. హీరోలకి నీలం డబ్బా, విలన్లకి ఎర్ర డబ్బా. ఈవిణ్ణి ఎందులో పెట్టాలో తేలక వాళ్ళు తల పట్టుకుంటున్నారు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక మనిషి మరో మనిషి గుమ్మంలో తలొంచుకు నిలబడితే, వీళ్ళకు డబ్బా రంగు కావాలి! ఆ మాటే మొహాన అనేశాను.

"పిల్లలకి తేలాలి కదమ్మా, మంచిదో చెడ్డదో" అన్నాడాయన నచ్చచెబుతూ.

"మీరు మంచివారా సార్, చెడ్డవారా?" అని అడిగింది అక్క.

"నేనా?" ఆయన కాస్త తడబడ్డాడు. "నేను దర్శకుణ్ణమ్మా."

అక్క నవ్వనంటే నవ్వనంది. "సరేలెండి, మీ ఇష్టం" అని టీ తెప్పించాడు పెద్దమనిషి. టీ తాగి, గెలిచామనుకుని ఇంటికొచ్చాం.

ఆ భాగం ఆదివారం పొద్దున వచ్చింది. "తప్పకుండా చూడండి అత్తయ్యా" అని అక్క ముందే చెప్పింది. ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని టీవీకి దగ్గరగా కుర్చీ లాక్కుంది. అక్క గుమ్మానికి ఆనుకుని నిలబడింది, కూర్చోలేకపోయింది. నేను ఇద్దరినీ చూస్తూ కూర్చున్నాను.

నిప్పుచెయ్యి వచ్చి నిలబడింది. "మళ్ళీ అలాగే వస్తే మళ్ళీ అలాగే చేస్తాను."

అత్తగారు మెల్లగా అక్క వైపు తిరిగింది. ఆ ముసలి కళ్ళలో నీళ్ళు. అక్క చిన్నగా తలూపింది.

అప్పుడు టీవీలోంచి నవ్వు వచ్చింది. పగలబడే నవ్వు, మా అక్కదే, గది దద్దరిల్లేలా. "కానీ నీకు అన్యాయం చేశాను." మళ్ళీ నవ్వు. ఆ చచ్చినోడు రెండుసార్లు అతికించాడు.

అత్తగారు కళ్ళజోడు తీసేసింది. "మర్చిపోయావనుకున్నాను" అంది. "ఇందుకా దాచుకున్నావు?"

"అయ్యో, లేదు అత్తయ్యా! ఆ నవ్వు నేను నవ్వలేదు. ఒట్టు."

"కంప్యూటర్లోంచి అతికించారండీ, అక్క వద్దంటే వద్దని పోట్లాడింది" అని నేను గబగబా చెప్పుకుపోతున్నాను. ఆవిడ నా వైపు చూడనేలేదు. కుర్చీ పట్టుకుని లేచి, గదివైపు రెండడుగులు వేసి ఆగింది.

"పాతికేళ్ళుగా ఒకే ఇంట్లో ఉన్నాం, టీవీలో వింటూనే ఉన్నాను. నీ నవ్వు నాకు తెలీదా?"

నాది కాదు అనటానికి అక్క నోరు తెరిచింది. అనలేకపోయింది. ఆ నవ్వు తనదే.